పెద్దన్న భట్టీ

మూడో రేకు కూడా నల్లగానే బయటికి వచ్చింది.

పెద్దన్న దాన్ని ఇటుకల మీద దించి, తనకేమీ సంబంధం లేనట్టు తల పక్కకు తిప్పుకున్నాడు. ఇరవై నాలుగు బిస్కెట్లు పేర్చి లోపలికి పంపితే అన్నీ కరిగి, ఒకదానిలో ఒకటి కలిసిపోయి, ఒకటే రొట్టెగా తిరిగొచ్చాయి. అంచులు బొగ్గు. నడుమ పచ్చి పిండి.

ఇటుకలతో కట్టిన భట్టీ నోటి దగ్గర కూర్చున్న అతని భార్య లింగమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. పొద్దున ఏడింటి నుంచీ ఆమె పొగలోనే ఉంది.

"మొదటిది కుక్కకేసిన. వాసన చూసి పోయింది," అంది. "రెండోది బర్రెకు పెట్టిన. అది నా మొహం చూసింది. గిది ఎవరికి పెట్టాల్నో నువ్వే చెప్పు."

"అగ్గి సక్కగ పెడితె గిట్లెందుకైతది?"

"నువ్వు పెట్టుమన్నట్టే పెట్టిన గద."

"పెట్టుమన్న. ఊరు కాలబెట్టుమన్ననా?"

లింగమ్మ చేతిలోని కట్టెను భట్టీలోకి తోయకుండా పక్కన పెట్టింది. ఆ ఇంట్లో లింగమ్మ ఎంత అరిచినా ఎవరికీ భయం లేదు. ఇట్లా కట్టె పక్కన పెట్టి ఊరుకుంటేనే భయం.

రేపు సాయంత్రం పాన్‌గల్ చర్చిలో క్రిస్మస్ కొవ్వొత్తుల ఆరాధన. సంఘంలో నలభై రెండు ఇళ్ళు. ఇంటికి పది బిస్కెట్ల చొప్పున పొట్లాలు కట్టి ఇస్తామని పాస్టర్ డేవిడ్ రెండు ఆదివారాల కిందటే చెప్పేశాడు. ఏటా వనపర్తి నుంచి కొని తెచ్చేవారు. ఈ ఏడు స్త్రీల సమాజం పెద్ద ఇందిరమ్మ లేచి నిలబడి, "పుణెల పదహారేండ్లు బిస్కెట్లు చేసిన మేస్త్రి మన నడుమనే కూసోని ఉంటె, బయట కొనుడెందుకు?" అని అడిగింది. చాపల మీద కూర్చున్నవాళ్ళంతా వెనక్కి తిరిగి చూశారు. పెద్దన్న కాదనలేదు. తల ఊపాడు.

ఆ తల ఊపడమే ఇప్పుడు వాకిట్లో పొగై లేస్తోంది.

పెద్దన్న పుణె బేకరీలో పదహారేళ్ళు పనిచేసిన మాట నిజం. మేస్త్రి అన్న మాట నిజం కాదు. అక్కడ పిండి కలిపే మేస్త్రి వేరే ఉన్నాడు. అతన్ని అందరూ ఉస్తాద్ అనేవారు. పెద్దన్న భట్టీ కాల్చేవాడు. కట్టెలు మోయడం, మంట పెట్టడం, బొగ్గులు లాగడం, రేకులు లోపలికి పంపడం, బయటికి తీయడం అతని పని. పిండి ముద్దను ఒక్కనాడూ ముట్టింది లేదు. ముట్టబోతే ఉస్తాద్ కసిరేవాడు, బొగ్గు చేతులతో ఏంటని.

ఈ సంగతి పాన్‌గల్‌లో తనకు తప్ప ఎవరికీ తెలియదని పెద్దన్న నమ్మకం.

ఇందులో ఇంకో తప్పు జరిగింది. మేస్త్రి అన్నవాడు పిండి దగ్గరే కూర్చోవాలి కాబట్టి, పదహారేళ్ళు నిప్పు దగ్గర బతికిన మనిషి ఆ నిప్పును భార్యకు అప్పగించి, ఎన్నడూ తెలియని పిండిలో చేతులు పెట్టాడు. ఇల్లాలు నిప్పు దగ్గర ఇబ్బంది పడుతోంది. తాను పిండిలో ఇబ్బంది పడుతున్నాడు. రెండూ చూస్తూనే ఉన్నాడు.

*

వసారాలో కూతురు ప్రవళిక నక్షత్రం కడుతోంది.

డిగ్రీ అయిపోయి వనపర్తిలో కోచింగ్‌కు పోతున్న పిల్ల. వెదురు పుల్లలు చీల్చి, దారంతో బిగించి, ఐదు మూలలూ సమంగా వచ్చాయో లేదో స్కేలుతో కొలిచింది. ఎర్రదీ పసుపుదీ కాగితం అతికించింది. నడుమ బల్బుకు జాగా వదిలింది. పక్కనే నూనె డబ్బాలో ఇసుక పోసి సర్కారు తుమ్మ కొమ్మను క్రిస్మస్ చెట్టుగా నిలబెట్టింది. ముళ్ళకు పత్తి గుచ్చింది. దారం అవసరం లేకుండా పత్తి కొమ్మనంతా పట్టుకుంది. తల్లి పత్తి చేలల్లో కూలికి పోయినప్పుడు ఏరి తెచ్చిన ఖాళీ విత్తనాల ప్యాకెట్లు ఉన్నాయి. వాటి లోపలి వైపు వెండిలా మెరుస్తుంది. వాటిని తిరగేసి చిన్న చిన్న ఐదు మూలల చుక్కలు కత్తిరించి, పత్తి మధ్యలో తగిలిస్తోంది.

ఒళ్ళో నోటు పుస్తకం ఉంది. బిస్కెట్ల కొలతలు రాసి పెట్టుకోవాలని ఆమె కోరిక. వచ్చే ఏడు నాన్న మళ్ళీ పుణె పోయినా, కొలతలు ఇంట్లో ఉంటాయి.

"నాయనా, సోడా ఎన్ని చెంచాలు రాయాలె?" అని కేకేసింది.

"అందాజ ఎయ్యాలె బిడ్డా."

"అందాజ అంటె ఎంత? మొదటి ముద్దకు రెండన్నవు. రెండోదానికి నాలుగేసినవు. మూడోదానికి ఏసినవో లేదో నేను చూడలే."

"మేస్త్రి చెయ్యికి లెక్కలుండయి."

ఆ మాట అని పెద్దన్న పిండి గిన్నెను దగ్గరికి లాక్కున్నాడు.

ప్రవళిక కాసేపు రాయడం ఆపి, పెన్ను చెవి మీద పెట్టుకుంది. "రెండో ముద్ద మాత్రం మంచిగ కుదిరింది," అంది.

పెద్దన్న ముఖం కొంచెం వెలిగింది. "కుదిరిందా?"

"ఆఁ. స్టార్ కాయితాలు అతికియ్యనీకి మైదా జిగురు సాలలే. నీ ముద్ద తీసుకొని పూసిన. జర గూడ ఊడుతలేదు."

లింగమ్మ భట్టీ వైపు తిరిగింది. నవ్వు దాచుకోవడానికి తిరిగిందో, కోపం దాచుకోవడానికి తిరిగిందో పెద్దన్నకు వీపు చూసి తెలియలేదు.

"స్టార్ కట్టుడు అయిపోయిందా? పైన కట్టనా?" అన్నాడు, మాట మార్చడానికి.

"వద్దు. ఎప్పుడైన అన్ననే కడతడు గద. మూడింటి బస్సుకు దిగుతడు. అన్న వచ్చినంక కడతడు." నక్షత్రాన్ని గోడకు ఆనించి పెట్టింది.

పెద్దన్న కట్టెలు తెస్తానని చెప్పి ఇంటి వెనక్కి వెళ్ళాడు. భట్టీ పక్కన కట్టెలు బోలెడు ఉన్నాయి. ఆ సంగతి ఎవరూ అనలేదు.

*

కొడుకు రాజు దసరా తర్వాత పుణె వెళ్ళాడు. ఎండాకాలంలో మోకాళ్ళ నొప్పితో తండ్రి వదిలేసి వచ్చిన బేకరీకే, తండ్రి పేరు చెప్పుకొని వెళ్ళాడు. మొదటి వారం ఫోన్ చేసి తండ్రితో నాలుగు మాటలు మాట్లాడాడు. ఆ తర్వాత ఎప్పుడు చేసినా ఒకటే మాట. "అమ్మకియ్యి." లేకపోతే, "చెల్లెకియ్యి."

ఎందుకో పెద్దన్నకు తెలుసు. అక్కడ ఎవరు పిండి కలుపుతారో, ఎవరు బొగ్గులు లాగుతారో చూడటానికి ఒక్క రోజు చాలు.

కట్టెల మోపు మీద కూర్చున్నాడు. కొంచెం సేపటికి లింగమ్మ వచ్చి గోడకు ఆనుకొని నిలబడింది. ఇద్దరూ కట్టెలనే చూశారు. పక్కింటి కోడి ఒకటి వాళ్ళ మధ్య నుంచి తాపీగా నడిచి వెళ్ళింది.

"పిల్లగాడు నీతోటి మాట్లాడుతలేడు," అంది లింగమ్మ.

"పనుంటది."

"పనా?"

"పండుగ రోజులు. బేకరీల ఊపిరాడది."

"ఆడ ఉన్నది చూసిండు. గంతే గద."

పెద్దన్న తలెత్తాడు.

లింగమ్మ అతని వైపు చూడలేదు. కొంగు అంచుకు అంటిన బొగ్గును వేళ్ళతో రాస్తోంది. "పదహారేండ్లు నీ అంగీలు ఉతికిన. నువ్వు పండుగకు వచ్చినప్పుడల్లా మూట విప్పి ఉతికిన. ఒక్క అంగీల మైదపిండి రాలలే. బొగ్గే రాలింది. ఇయ్యాల నా కొంగుకు అంటిన బొగ్గే. నీ కుడి చెయ్యి చూడు, మోచెయ్యి దాక ఎంటిక లేదు. పిండి కలిపెటోని చెయ్యి గట్ల ఎందుకుంటది?"

పెద్దన్న తన చేతిని చూసుకున్నాడు. పదహారేళ్ళలో ఎన్నడూ చూడనట్టు చూసుకున్నాడు.

"ఎప్పటిసంది తెలుసు?"

"రెండో ఏడుసంది."

"మరి అనకపోతివి."

"అంటె ఏమొస్తది?" లింగమ్మ గొంతులో కోపం లేదు. "నువ్వు పండుగకు బిస్కెట్ల డబ్బ సంకల పెట్టుకొని వాడకట్టుల నడుస్తుంటె చూడనీకి మంచిగుంటుండె. ఏడాదికొక్కసారి. పోనీ అనుకున్న."

అతను మోపులోంచి ఒక పుల్ల లాగి, మళ్ళీ దోపాడు.

"నలభై రెండిండ్లున్నయి," అంది లింగమ్మ. "లే. పిండి నాకియ్యి. నువ్వు పోయి నీ జాగల కూసో."

"పిల్ల చూస్తది."

"చూడనీ."

"చూస్తె అడుగుతది. ఏం చెప్పాలె?"

"గది నాకు తెల్వదు. గది నేను చెప్పేది గాదు."

ఆమె వెళ్ళిపోయింది. పెద్దన్న ఒట్టి చేతులతో వెనకాలే వచ్చాడు.

*

ప్రవళిక కత్తెర ఆపి చూసింది.

తల్లి చేతులు మోచేతుల దాకా కడుక్కొని పిండి గిన్నె ముందు కూర్చుంది. తండ్రి లుంగీ పైకి కట్టి భట్టీ ముందు గొంతుక్కూర్చున్నాడు.

"అదేంది? మేస్త్రి ఆడ కూసున్నడు?" అంది నవ్వుతూ.

పెద్దన్న భట్టీలోకి చూస్తూనే చెప్పాడు. "మేస్త్రి కాదు బిడ్డా. నేను ఆడ గిదే పని చేసిన. అగ్గి పని. పిండి ఉస్తాద్ కలుపుతుండె."

ప్రవళిక నవ్వు ముఖం మీదే కాసేపు నిలబడి, తర్వాత పోయింది.

"మరి డబ్బాలల్ల తెచ్చేవి?"

"ఉస్తాద్ ఇస్తుండె. పండుగకు పోతున్నవు, పిల్లలకు తీస్కపో అని."

"నువ్వే చేసిన అంటివి గద."

"నువ్వడిగినవు." పెద్దన్న గొంతు సవరించుకున్నాడు. "మొదటిసారి వచ్చినప్పుడు. నీకు ఐదేండ్లు. డబ్బ మూత తీసి, ఒకటి నోట్ల పెట్టుకొని, నువ్వే చేసినవా నాయనా అంటివి. నేను ఆఁ అన్న. ఒక్కసారి అన్నంక మళ్ళ కాదనెటందుకు దారి దొరకలే."

వసారాలో కత్తెర చప్పుడు మళ్ళీ మొదలైంది. ప్రవళిక వెండి కాగితంలోంచి ఒక చుక్క కత్తిరించింది. ఇంకోటి కత్తిరించింది. మూడోదాని మూల తెగిపోతే ఆ ముక్కను ఒళ్ళోనే పెట్టుకుంది. లింగమ్మ గిన్నెలోంచి తల ఎత్తలేదు.

చాలాసేపటికి ప్రవళిక అంది, "ఆరో తరగతిల వ్యాసం రాసిన. మా నాయన బిస్కెట్ మేస్త్రి అని. టీచరు పదికి తొమ్మిదేసింది."

పెద్దన్న ఒక కట్టెను కొంచెం బయటికి లాగాడు.

"క్లాసుల చదివి వినిపిచ్చింది గూడ."

"ఇప్పుడు తెలిస్తె ఎన్ని తీసేస్తది?" అని అడిగాడు పెద్దన్న, నెమ్మదిగా.

"తెల్వదు." ఆమె కత్తెర కింద పెట్టింది. లేచి వచ్చి భట్టీ పక్కన నిలబడింది. "మరి అగ్గి పనన్న వస్తదా? లేకుంటె గది గూడ ఉస్తాదే చేస్తుండెనా?"

పెద్దన్న భట్టీ దగ్గరికి ఇంకొంచెం జరిగాడు.

భట్టీలోని మంటనంతా పొడుగాటి కొక్కెంతో బయటికి లాగేశాడు. లింగమ్మ పొద్దున్నుంచీ రేకు కిందే మంట పెడుతూ వచ్చింది. అతను చెప్పినట్టే పెట్టింది. మేస్త్రి వేషంలో ఉన్నవాడికి నిప్పు గురించి ఆలోచించే తీరిక లేకపోయింది. ఇప్పుడు బొగ్గులన్నీ లాగి, కర్రకు తడి గోనె కట్టి లోపలి నేలను శుభ్రంగా ఊడ్చాడు. ఇనుప మూత పెట్టాడు. కొంచెం సేపు ఊరికే కూర్చున్నాడు.

"ఏం చేస్తున్నవు?" అంది ప్రవళిక.

"ఏం చేస్తలేను. వేడి అంతట సమంగ కూసోవాలె. భట్టీకాడ జల్ది చేసెటోడు పనికిరాడు."

తర్వాత మూత తీసి, గుప్పెడు మైదా లోపలి ఇటుకల మీద చల్లాడు. "ఏక్, దో, తీన్," అని లెక్కపెట్టసాగాడు. మూడు దగ్గరే పిండి నల్లబడింది.

"గిప్పుడు పెడితె మాడుతది." మళ్ళీ మూత వేశాడు. ఇంకాసేపు ఆగి, మళ్ళీ చల్లాడు. ఈసారి పది లెక్కపెట్టేసరికి పిండి గోధుమ రంగుకు తిరిగింది. "గిప్పుడు పెట్టాలె."

ప్రవళిక పరుగున వెళ్ళి నోటు పుస్తకం తెచ్చింది. సోడా దగ్గర రాసిన మూడు అంకెలూ కొట్టేసి, కింద రాసుకుంది. గుప్పెడు పిండి. పది లెక్క.

"ఏక్ దో అని రాయాల్నా, ఒకటి రెండు అని రాయాల్నా?"

"ఎట్లన్న రాయి. అగ్గికి భాష లేదు."

*

లింగమ్మ పిండిని ఎవరినీ అడగకుండానే కలిపింది.

డాల్డా, చక్కెర పొడి ముందు చేత్తో రుద్దింది. తెల్లగా, మెత్తగా అయ్యేదాకా రుద్దుతూనే ఉంది. తర్వాత మైదా కొద్దికొద్దిగా వేసింది. సోడా చిటికెడు. ఇలాచీ దంచి వేసింది. గుప్పెడు రవ్వ పడేసింది.

"రవ్వ ఎందుకమ్మా?" అంది ప్రవళిక, పెన్ను పట్టుకొని.

"పండుగ గరిజెలకు కరకర ఎట్లొస్తది? గందుకే." చిన్న ముద్ద తీసి వేళ్ళ మధ్య నొక్కి చూసింది. "ముద్ద కట్టాలె. చేతికి జారొద్దు. మీ నాయన కలిపింది చూసినవు గద, గిన్నెల నుంచి నడిచి వచ్చేటట్టుండె."

"నాకు పొద్దుగాల చెప్తె అయిపోవు గద," అన్నాడు పెద్దన్న భట్టీ దగ్గర నుంచి.

"మేస్త్రికి చెప్పేంత దాన్నా నేను?"

పౌడరు డబ్బా రేకును మడిచి ప్రవళిక చుక్క ఆకారంలో అచ్చు చేసింది. మొదట నాలుగు బిస్కెట్లకు కొమ్ములు విరిగాయి. తర్వాత కుదిరింది. సగం గుండ్రంగా, మీద నువ్వులు అద్ది. సగం చుక్కలు. రెండు రేకులు నిండాయి.

పెద్దన్న పొడుగాటి కట్టె పలక మీద రేకు పెట్టి లోపలికి జార్చాడు. ఆ జార్చడంలో ఒక వాటం ఉంది. మోకాలు నొప్పి ఉన్నట్టే లేదు. మూత వేసి లెక్క మొదలుపెట్టాడు. మూడు వందలకు రేకును తిప్పాలి. మళ్ళీ మూడు వందలకు తీయాలి. అతను పెదవులు కదుపుతూ లెక్కపెడుతుంటే తల్లీకూతుళ్ళు మాట్లాడుకోలేదు.

మూత తీసేసరికి వాసన ముందు వచ్చింది.

బిస్కెట్లు దేనికది విడిగా, తేనె రంగులో ఉన్నాయి. మీద సన్నగా పగుళ్ళు. ప్రవళిక ఆగలేక ఒకటి తీసుకుని, వేడికి చెయ్యి మార్చుకుంటూ కొరికింది. నోట్లో కరిగిపోయింది.

"నాయనా," అంది.

"ఏంది?"

"ఏం లేదు. తిను."

ఒకటి తెచ్చి అతని నోట్లో పెట్టింది. అతని చేతులకు బొగ్గు ఉంది కదా.

మధ్యాహ్నానికి ఎనిమిది రేకులు అయ్యాయి. తెల్ల గుడ్డ మీద ఆరబెట్టిన బిస్కెట్లకు కాపలాగా ప్రవళిక తుమ్మ కొమ్మను తెచ్చి పెట్టింది. పొద్దున వాసన చూసి వెళ్ళిపోయిన కుక్క వచ్చి, ఆ ముళ్ళ చెట్టుకు అటువైపు బుద్ధిగా కూర్చుంది.

లింగమ్మ దాన్ని చూసి, "ఇప్పుడెందుకొచ్చినవు? పొద్దుగాల మొహం తిప్పుకుంటివి గద," అంది. అన్నదే గాని, కొమ్ము విరిగిన బిస్కెట్టు ఒకటి దాని ముందు వేసింది.

*

రెండున్నరకు ఇందిరమ్మ వచ్చింది. చేతిలో పొట్లాలకు తెచ్చిన కాగితపు సంచులు ఉన్నాయి.

"అన్నా, ఎంతదాక వచ్చింది?" అంటూనే గుడ్డ మీది బిస్కెట్లు చూసి ఆగిపోయింది. తుమ్మ కొమ్మనూ చూసింది. "గిదేంది, తుమ్మ చెట్టుకు మంచు పడ్డదా?"

"పత్తి, అత్తా," అంది ప్రవళిక. "మంచు ఎట్లుంటదో మనకేం తెలుసు."

ఇందిరమ్మ ఒక బిస్కెట్టు తీసుకొని సగం కొరికింది. కళ్ళు మూసుకుంది. "అబ్బ. మేస్త్రి చెయ్యి మేస్త్రి చెయ్యే. నేను చెప్తే పాస్టరయ్య జర అనుమానపడ్డడు. ఇప్పుడు తినుమను."

లింగమ్మ పదకొండో రేకుకు పిండి కలుపుతోంది. మోచేతుల దాకా తెల్లగా ఉంది. మెచ్చుకున్న చెయ్యి తనదేనని ఆమెకు తెలుసు. ఎప్పటిలాగే ఊరుకుంది. తల వంచుకొని ముద్దను ఇంకొంచెం గట్టిగా పిసికింది, అంతే.

పెద్దన్న ఆ వంచిన తలను చూశాడు. ఇన్నేళ్ళు తన అబద్ధం ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదని అనుకున్నాడు. ఇవాళ అది ఒకరి చేతిలోది లాక్కుంటోంది.

"చెల్లె," అన్నాడు. "నేను మేస్త్రిని కాను."

"మరి?"

"భట్టీ కాల్చెటోన్ని. పుణెల గదే పని. గీ బిస్కెట్లు నీ వదినె చేసింది. కొలత ఆమెది, చెయ్యి ఆమెది. నేను కాల్చిన."

ఇందిరమ్మ నములుతున్నది ఆపింది. లింగమ్మ పిసకడం ఆపింది. కుక్క మాత్రం తింటోంది.

"పదహారేండ్ల సందా?" అంది ఇందిరమ్మ.

"ఆఁ."

"మరి సంఘంల లేసి చెప్పింది నేను గద. నలుగురి ముంగట."

"నేను తల ఊపిన గద. తప్పు నాది."

ఇందిరమ్మ మిగిలిన సగం బిస్కెట్టును చూసింది. పారేసేంత కోపం రాలేదు. నోట్లో వేసుకుంది. తిన్నాక లింగమ్మ వైపు తిరిగి, "వదినె, ఇన్నాళ్ళు నువ్వు సమాజంకాడ ఊడ్చుడు పనే చేస్తివి గద," అంది. అందులో నిష్ఠూరం ఉంది, ఇంకేదో కూడా ఉంది.

"మీరెవ్వరు పిండి ఇయ్యలే," అంది లింగమ్మ.

ఇందిరమ్మ పెద్దన్న మీదికి వచ్చింది. "రేపు కొవ్వొత్తులు పట్టుకొని అందరు కూసుంటరు. పొట్లాలు పంచే ముందర నువ్వు లేసి చెప్పాలె. నేను చెప్ప. ఒకసారి చెప్పి ఇజ్జత్ పోగొట్టుకున్న."

పెద్దన్న భట్టీలోకి రేకు జార్చాడు. మూత వేశాడు. "చెప్త," అన్నాడు. ఏక్, దో, అని మొదలుపెట్టాడు.

చెప్పడం అంత కష్టం కాదనిపించింది అతనికి. పొద్దున ఒకరికి చెప్పాడు, ఇప్పుడు ఇంకొకరికి. నలభై రెండు ఇళ్ళకు చెప్పడం కూడా అంతే కావచ్చు. మిగిలింది ఒక్కడే. ఆ ఒక్కడికే, చెప్పకముందే అంతా తెలుసు.

మూడు వందలకు రేకు తిప్పాడు. మళ్ళీ మొదటి నుంచి లెక్క అందుకున్నాడు.

అప్పుడే వీధి వైపు నుంచి ప్రవళిక గొంతు వినిపించింది. "అన్న వచ్చిండు."

రాజు కొంచెం చిక్కిపోయాడు. భుజానికి సంచి, చంకలో డబ్బా. పెద్దన్న ఏటేటా తెచ్చినలాంటి డబ్బానే. మూత చుట్టూ గుడ్డ బిగించి కట్టి ఉంది. గోడకు ఆనించిన నక్షత్రాన్ని చూశాడు. తల్లిని చూశాడు, పిండి చేతులతో. చివర భట్టీ ముందు కూర్చున్న తండ్రిని చూశాడు. పెద్దన్న ముఖం నిండా మసి. పెదవులు కదులుతున్నాయి.

డేఢ్ సౌ. నూట యాభై.

దసరా తర్వాత తండ్రీకొడుకులు ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం ఇదే. రాజు కుడి చేతికి మోచెయ్యి దాకా వెంట్రుకలు లేవు. పెద్దన్న అది ముందు చూశాడు.

దో సౌ.

"అన్నం తిన్నవా బిడ్డా?" అంది లింగమ్మ.

"తింట." రాజు సంచి దించాడు. డబ్బా దించలేదు.

ఇందిరమ్మ ఆ డబ్బాను చూస్తోంది. ఇంటి సంగతి ఇప్పుడే విన్న మనిషి, ఊరుకోవాలని ప్రయత్నించింది. ఊరుకోలేకపోయింది. "ఏం రాజూ," అంది. "గా డబ్బాల బిస్కెట్లు నువ్వే చేసినవా?"

దో సౌ చాలీస్. ఇంకో అరవై.

ప్రవళిక అన్న చెయ్యి పట్టుకోబోయి ఆగింది. లింగమ్మ భర్త వైపు చూసింది. ఇది తాను చెప్పే జవాబు కాదని పెద్దన్నకు తెలుసు. అయినా చెప్పాలనే నోరు తెరిచాడు.

రాజు ముందే అనేశాడు. తండ్రి వైపు చూడకుండా, గట్టిగా, వాకిలంతా వినబడేలా.

"నేనే చేసిన అత్తా. మా నాయన నేర్పిండు."

వాకిట్లో ఎవరూ కదల్లేదు. ఇందిరమ్మ చేతిలో కాగితపు సంచులు అట్లాగే ఉన్నాయి. పదహారేళ్ళ నాటి ఆ అబద్ధాన్ని, రెండు నెలలుగా తనతో మాట్లాడని కొడుకు, తన కోసం, తన ఇంటి ముందర నిలబెట్టాడు. దాన్ని తాను ఇప్పుడే కూల్చేశానని కొడుకుకు తెలియదు.

భట్టీ మూత సందుల్లోంచి వాసన చిక్కబడుతోంది. పెద్దన్న లెక్క మర్చిపోయాడు.